దశావతారాల వరుస జీవపరిణామ క్రమం కాదు

ప్రాణహిత గోదావరిలో కలిసేచోట, కాళేశ్వరానికి అవతలి ఒడ్డున మా సిరొంచ ఉంది. జిల్లా గడ్చిరోలి, రాష్ట్రం మహారాష్ట్ర. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు. కొద్ది వారాలుగా మా బంధువుల వాట్సాప్ గ్రూపులన్నిటిలో ఒక సందేశం తిరుగుతోంది. చేప, తాబేలు, పంది, సగం మృగమైన నరసింహుడు, పొట్టివాడైన వామనుడు, గొడ్డలి పట్టిన పరశురాముడు, ఆపైన సంపూర్ణ మానవుడైన రాముడు అన్న ఈ వరుసే జీవపరిణామమనీ, మన ఋషులు ముందే చెప్పినదాన్ని డార్విన్ తన పేరున రాసుకున్నాడనీ, హాల్డేన్ అంతటి శాస్త్రజ్ఞుడు దీన్ని ఒప్పుకున్నాడనీ, కాదన్నవాడు విష్ణువునే కాదన్నట్టనీ దాని సారాంశం. నేను ఏకాదశి తప్పనివాణ్ణి, పోతన భాగవతాన్ని పారాయణ చేసేవాణ్ణి, పిల్లలకు విజ్ఞానశాస్త్రం చెప్పేవాణ్ణి కూడా. ఈ సందేశం అటు పురాణానికీ ఇటు శాస్త్రానికీ అన్యాయం చేస్తోంది కనుక జవాబు రాస్తున్నాను.

మొదటి వాదం వరుస గురించి. అవతారాలు ఆ క్రమంలోనే జరిగాయని పురాణం చెబితే కదా, ఆ క్రమం జీవపరిణామాన్ని పోలి ఉందా లేదా అన్న చర్చ! క్షీరసాగర మథనంలో, అంటే కూర్మావతార సమయంలో, రాక్షసులకు రాజు ఎవరు? బలిచక్రవర్తి. ఆయన ప్రహ్లాదుడి మనుమడు. ప్రహ్లాదుణ్ణి కాపాడడానికి నరసింహుడు స్తంభం చీల్చుకుని వచ్చింది అంతకు రెండు తరాల ముందు. హిరణ్యాక్షుణ్ణి చంపిన వరాహం అంతకంటే ముందుది. అంటే భాగవతం లెక్కలో పంది, నరసింహం రెండూ తాబేలుకు ముందే వచ్చాయి. మనం పూజకు కూర్చున్న ప్రతిసారీ సంకల్పంలో "శ్వేతవరాహకల్పే, వైవస్వతమన్వంతరే" అని చెప్పుకుంటాం. ఈ కల్పం మొదట్లోనే వరాహం ఉంది, పాలకడలి చిలికింది ఆరవదైన చాక్షుష మన్వంతరంలో. ఇక భాగవతం ప్రథమ స్కంధం అవతారాలను ఏకరువు పెట్టేటప్పుడు సనకాదులతో మొదలుపెట్టి, వరాహాన్ని రెండవదిగా, మత్స్యాన్ని పదవదిగా, కూర్మాన్ని పదకొండవదిగా చెబుతుంది. మత్స్యావతార కథలో సత్యవ్రతుడనే రాజు కృతమాలా నదిలో తర్పణం విడుస్తుండగా దోసిట్లోకి చేపపిల్ల వస్తుంది. మొట్టమొదటి జీవి అని సందేశం చెప్పే చేపకంటే ముందే అక్కడ ఒక రాజు, ఒక నది, ఒక వైదిక కర్మ ఉన్నాయి. వేద వాఙ్మయంలోని శతపథ బ్రాహ్మణంలోనైతే కూర్మరూపం ధరించినవాడు ప్రజాపతి. పది అవతారాల పట్టిక తరువాతి కాలంలో కుదురుకున్నది; దాన్ని కూర్చినవారి దృష్టి భక్తి మీద ఉంది, ప్రాణుల వంశావళి మీద కాదు.

శాస్త్రం వైపు నుంచి చూసినా పోలిక నిలవదు. సందేశం తాబేలును ఉభయచరమంటుంది. తాబేలు సరీసృపం, ఊపిరితిత్తులతో గాలి పీల్చి, ఇసుకలో గుడ్లు పెడుతుంది. ఉభయచరమంటే కప్ప. పంది తాబేలుకు సంతతి కాదు, సింహం పందికి సంతతి కాదు, సింహం నుంచి మనిషి రాలేదు.

ఇందుకు సాక్ష్యం మా కాళ్ళ కిందే ఉంది. సిరొంచ తాలూకాలోని కోట గ్రామం పేరుతో భూగర్భ శాస్త్రజ్ఞులు కోట శిలాస్తరం అని వ్యవహరించే రాళ్ళు సుమారు 18 కోట్ల ఏళ్ళ నాటివి, జురాసిక్ కాలానివి. ఆ సున్నపురాతి పలకల్లో దొరికిన లెపిడోటిస్ చేప పొలుసులు మన బొచ్చె పొలుసుల్లా పల్చగా ఉండవు. మందంగా, నున్నగా, పలకలుగా, పెంకు పరిచినట్టు ఒకదాని పక్కన ఒకటి అమరి ఉంటాయి. అవే స్తరాల్లో ఇండోకెలిస్ అనే తాబేలు దొరికింది. 1960, 61 ప్రాంతంలో తవ్వి తీసిన బారాపాసారస్ అనే మహాకాయ డైనోసార్ ఎముకలూ వాటివే. ఠాగూర్ శతజయంతి సంవత్సరం కావడంతో దాని పేరులో ఆయన పేరు కూడా చేర్చారు, ఆ అస్థిపంజరం ఇప్పుడు కోల్‌కతాలోని భారత గణాంక సంస్థలో నిలబడి ఉంది. చిట్టెలుకంతటి తొలి స్తన్యజీవుల పళ్ళు కూడా అక్కడే దొరికాయి. అంటే చేప, తాబేలు, డైనోసార్, పాలిచ్చే జీవి ఒకే కాలంలో, ఒకే నీటి అంచున బతికాయి. ఒకటి దిగిపోతే మరొకటి ఎక్కే మెట్లవరుస కాదిది, కొమ్మలు వేసిన చెట్టు. పందుల జాతి మాత్రం ఆ రాళ్ళలో ఎక్కడా లేదు. అది కోట్ల ఏళ్ళ తరువాత వచ్చింది. మా తాలూకాలోని వడధం శిలాజ ఉద్యానానికి పిల్లలను తీసుకెళ్ళినప్పుడు రాయిగా మారిన మాను మీద చెయ్యి పెట్టి చూడమంటాను. బెరడు గరుకు ఇంకా వేలికి తగులుతుంది.

డార్విన్ దొంగిలించాడన్న మాటకు ఆధారం లేదు. ఆయన 1831 నుంచి 1836 వరకు ఓడలో తిరిగి చూసినవాటితో, పావురాల పెంపకందార్ల దగ్గర నేర్చుకున్నవాటితో 1859లో గ్రంథం ప్రకటించాడు. అంతకు ముందు ఏడాదే ఆయన వ్యాసాన్నీ, విడిగా అదే ఆలోచనకు వచ్చిన వాలెస్ వ్యాసాన్నీ ఒకే సభలో చదివారు. అందులో ముఖ్యమైనది జంతువుల జాబితా కాదు, కారణం: పుట్టినవన్నీ బతకవు, బతికినవాటిలోని తేడాలు పిల్లలకు అందుతాయి, అలా తరతరాలకు రూపం మారుతుంది. ఈ కారణం దశావతార కథల్లో ఎక్కడా లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. అవతారాలను పరిణామంతో పోల్చడం దివ్యజ్ఞాన సమాజ స్థాపకుల్లో ఒకరైన బ్లావట్స్కీ 1877 నాటి గ్రంథంలో కనిపిస్తుంది, అంటే డార్విన్ తరువాత 18 ఏళ్ళకు. పైగా పురాణం ప్రకారం కృతయుగంలో నాలుగు పాదాల మీద నడిచిన ధర్మం కలిలో ఒంటికాలి మీద కుంటుతుంది. యుగయుగానికీ మెరుగవుతున్నామని అది ఎక్కడా అనలేదు.

హాల్డేన్ ఆ పోలికను ప్రస్తావించిన మాట నిజమే. వెన్నెముక ఉన్న జీవుల పరిణామం గురించి అది స్థూలమైన ఊహ ఇస్తుందన్నాడు, అంతే. స్థూలంగా పోలి ఉండడం వేరు, సిద్ధాంతం కావడం వేరు. బ్రిటన్‌లో పుట్టిన ఆ జీవశాస్త్రజ్ఞుడు భారత పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసి, తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చినవాడు. మా కోట స్తన్యజీవుల్లో ఒకదానికి కోటాథీరియం హాల్డేనై అని ఆయన పేరే పెట్టారు. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి దశావతార వాదాన్ని వినిపించారని కూడా కొందరు గుర్తు చేస్తున్నారు. పదవి సాక్ష్యం కాదు.

సందేశం చివర "మనిషి కోతి నుంచి వస్తే కోతులు ఇంకా ఎందుకున్నాయి" అని ఒక ప్రశ్న తగిలించారు. పైన ఋషులు చెప్పారన్న సిద్ధాంతాన్నే కింద తప్పంటున్నారని రాసినవారు గమనించినట్టు లేదు. చింపాంజీ మనకు తాత కాదు, దాయాది. ఇద్దరికీ ఉమ్మడి పూర్వీకులు సుమారు 60, 70 లక్షల ఏళ్ళ క్రితం ఉండేవారు. పెదనాన్న పిల్లలు బతికి ఉన్నంత మాత్రాన మనం పుట్టలేదని ఎవరూ అనరు.

ఈ వాదాన్ని కాదంటే విష్ణువును కాదన్నట్టే అన్న మాట నన్ను నిజంగా బాధపెట్టింది. "అవతారా హ్యసంఖ్యేయాః" అంటుంది భాగవతం. ఎండని సరస్సు నుంచి వేల కాలువలు పారినట్టు హరి అవతారాలు లెక్కకు అందవట. ఆ వేల కాలువల్లో తొమ్మిదో పదో ఏరి, బడి పుస్తకంలోని బొమ్మ పక్కన పేర్చి, సరిపోయాయి కనుక నమ్మండి అనడంలో నాకు భక్తి కనిపించదు. రేపు ఏ శిలాజమో దొరికి శాస్త్రజ్ఞులు ఆ బొమ్మను దిద్దుకుంటే, అలా నమ్మినవాడు నరసింహుణ్ణి కూడా దిద్దుకోవలసి వస్తుంది.