స్కాన్ అయిపోయింది అంటుంది, ఏం చూసిందో మాత్రం చెప్పదు

2019 సెప్టెంబర్‌లో విండోస్‌తోపాటే వచ్చే యాంటీవైరస్, విండోస్ డిఫెండర్‌లో ఒక తమాషా జరిగింది. క్విక్ స్కాన్ కొట్టినా ఫుల్ స్కాన్ కొట్టినా కొన్ని సెకన్లలో అయిపోయేది, ఓ 40 ఫైళ్లు చూసి ఇంక చాల్లే అని ఆపేసేది. లక్షల ఫైళ్లున్న డిస్క్‌లో 40! కంప్యూటర్ హ్యాంగ్ అవ్వలేదు, బ్లూ స్క్రీన్ రాలేదు, స్కాన్ పూర్తయినట్టే కనిపించేది. ఇంకా తమాషా ఏంటంటే, ఈ బగ్ పుట్టింది ఇంకో చిన్న బగ్‌ని సరిచేయబోయి. అంతకుముందు విండోస్ ఫైళ్లు బాగున్నాయో లేదో చూసే సిస్టమ్ ఫైల్ చెకర్ నడిపితే డిఫెండర్ సొంత ఫైళ్లే పాడైపోయాయని చూపించేది, దానికోసం ఒక అప్‌డేట్ ఇచ్చారు, అది కాస్తా స్కాన్‌కే ఎసరు పెట్టింది. ఫైళ్లు తెరిచినప్పుడల్లా అప్పటికప్పుడు చూసే రియల్ టైమ్ ప్రొటెక్షన్ పనిచేస్తూనే ఉంది కాబట్టి పెద్ద గొడవ అవ్వలేదు, త్వరగానే ఫిక్స్ వచ్చింది, అందరూ మర్చిపోయారు.

ఇలాంటివాటికి మైనర్ ఇష్యూ అని పేరు పెడతారు, నాకు అక్కడే తేడా కొడుతుంది. ఎంతమంది గోల పెట్టారన్నదాన్ని బట్టి మైనరా మేజరా అని తేల్చేస్తే గోల పెట్టడానికే అవకాశం లేని బగ్ సంగతేంటి? 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే సెక్యూరిటీ కంపెనీ ఇచ్చిన తప్పుడు అప్‌డేట్‌కి మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల మెషీన్లు పడిపోయాయి, విమానాలు ఆగిపోయాయి, ఆ ఫైల్‌ని 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు. (పడిపోయిన మెషీన్లని ఒక్కొక్కటిగా లేపడానికి రోజులు పట్టింది, అది వేరే కథ.) 2010 ఏప్రిల్ 21న మెకాఫీ యాంటీవైరస్ అప్‌డేట్ విండోస్ ఎక్స్‌పీలోని ఎస్‌వీసీహోస్ట్ అనే సిస్టమ్ ఫైల్‌నే వైరస్ అనుకుని పట్టుకుంది, మెషీన్లు రీస్టార్ట్ మీద రీస్టార్ట్ అయ్యాయి, అదీ ఆ రోజే తెలిసిపోయింది. అంటే అరిచే బగ్‌కి ఆయుష్షు తక్కువ, నోరు మెదపని బగ్ నెలల తరబడి హాయిగా బతికేయొచ్చు. స్పైవేర్ విషయంలో ఇది ఇంకా చెడ్డది, ఎందుకంటే స్పైవేర్ పనే చప్పుడు చేయకుండా కూర్చుని మన సమాచారం దొంగిలించడం, దాన్ని పట్టాల్సినది కూడా చప్పుడు లేకుండా ఆగిపోతే ఇంక మనకి తెలిసే దారి ఏది?

షెడ్యూల్ సంగతి చూస్తే అసలు నవ్వాలో ఏడవాలో తెలీదు. రాత్రి 2 గంటలకి స్కాన్ అని పెట్టుకుంటాం, ఆ టైమ్‌కి ల్యాప్‌టాప్ మూత వేసి నిద్రలో ఉంటుంది. చెప్పిన టైమ్‌కి పనులు నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో కొత్త టాస్క్ పెడితే చార్జర్ ఉంటేనే నడవాలి అన్న కండిషన్ ముందే టిక్ అయ్యి ఉంటుంది, తప్పిపోయిన టాస్క్‌ని తర్వాత నడుపు అన్న ఆప్షన్‌కి మాత్రం మనమే వెతికి టిక్ పెట్టాలి. డిఫెండర్‌లో కూడా అంతే, తప్పిపోయిన స్కాన్‌ని తర్వాత పూర్తిచేసే సెట్టింగ్ మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. పైగా స్కాన్‌కి ముందు కొత్త డెఫినిషన్లు (వైరస్‌లని గుర్తుపట్టే లిస్టు) ఉన్నాయేమో చూడు అన్నది కూడా ఆఫే, కాబట్టి అప్‌డేట్ ఆలస్యమైన రోజు స్కాన్ పాత లిస్టు పట్టుకునే వెతికి ఏమీ లేదని చెప్పేస్తుంది. చెప్పింది అబద్ధం కాదు, నిజమూ కాదు.

సరే తప్పిపోయినవి నడిపే ఆప్షన్ ఆన్ చేశాం అనుకోండి, పొద్దున్నే మూత తీసి అర్జెంటుగా ఫైల్ పంపుదాం అనుకునేసరికి ఫ్యాన్ హోరుమంటుంది, మౌస్ కదలదు, డిస్క్ వంద శాతం. రెండు మూడు సార్లు ఓపిక పడతారు, తర్వాత షెడ్యూలే తీసేస్తారు. పొమ్మనలేక పొగబెట్టినట్టు సాఫ్ట్‌వేరే యూజర్‌ని తరిమేసి, తర్వాత యూజర్లకి సెక్యూరిటీ మీద అవగాహన లేదు అని కంపెనీలు బ్లాగులు రాస్తాయి. నాకు ఇది అవగాహన సమస్య అనిపించదు, డిజైన్ సమస్య.

అప్‌డేట్‌లో ఇంకో చిల్లర రకం బగ్ ఉంది. మదర్‌బోర్డు మీద బ్యాటరీ అయిపోయి తేదీ ఏళ్లు వెనక్కి వెళ్లిపోతే సర్వర్ సర్టిఫికెట్ చెల్లదు, కనెక్షన్ కుదరదు, అప్‌డేట్ ఫెయిల్. స్క్రీన్ మీద మాత్రం మీ ఇంటర్నెట్ చెక్ చేసుకోండి అని వస్తుంది, నెట్ శుభ్రంగా ఉంటుంది. ఆ మెసేజ్‌లో మీ గడియారం తప్పుగా ఉంది అని ఒక్క ముక్క రాస్తే సొమ్మేం పోయింది?

కంపెనీల వైపు న్యాయం లేదని కాదు. డెఫినిషన్లు రోజుకి ఎన్నోసార్లు వస్తాయి, ప్రతిదాన్నీ వారాల తరబడి టెస్ట్ చేస్తే అది వచ్చేలోపు కొత్త స్పైవేర్ పని కానిచ్చేస్తుంది. తొందరపడితే 2018 జనవరి 27న మాల్‌వేర్‌బైట్స్ అనే యాంటీవైరస్‌కి అయినట్టు అవుతుంది, ఒక్క చెడ్డ అప్‌డేట్‌కి మెమరీ మొత్తం మింగేసింది. క్రౌడ్‌స్ట్రయిక్ ఘటన తర్వాత విడతలవారీగా అప్‌డేట్ వదలడం గురించి అందరూ మాట్లాడుతున్నారు, మంచిదే, కానీ అది కూలిపోయే మెషీన్లని కాపాడే పద్ధతి. 40 ఫైళ్లకి ఆగిపోయే స్కాన్‌ని అది పట్టుకోవాలంటే ముందు సాఫ్ట్‌వేర్ తన పని తానే లెక్క చూసుకోవాలి కదా, పోయినసారి లక్షల ఫైళ్లు చూసి ఈసారి 40 చూస్తే ఏదో తేడా ఉందని అనుమానించడానికి పెద్ద ఏఐ కూడా అక్కర్లేదు, మామూలు తీసివేత చాలు.

అంతా బాగుందన్నట్టు యాంటీవైరస్ మెయిన్ స్క్రీన్ మీద కనిపించే ఆ పచ్చ టిక్కు ఇప్పుడు సర్వీస్ నడుస్తోంది, సెట్టింగులు ఆన్‌లో ఉన్నాయి అన్నంతవరకే హామీ ఇస్తుంది. దాన్ని పూర్తయిన పనికి ముడిపెట్టాలి: స్కాన్ ఎప్పుడు మొదలైందని కాదు ఎప్పుడు పూర్తయింది, ఎన్ని ఫైళ్లు, ఏ తేదీ డెఫినిషన్లతో, మధ్యలో ఎన్ని వదిలేసింది. 2020 మార్చిలో డిఫెండర్ కొన్ని ఫైళ్లు వదిలేశాను అని నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు జనం కంగారుపడి అడిగారు, ఫిక్స్ వచ్చింది. చెప్పింది కాబట్టే అడిగారు. అవన్నీ మెయిన్ స్క్రీన్ మీదకి వచ్చేదాకా టాస్క్ షెడ్యూలర్ తెరిచి స్కాన్ టాస్క్ పక్కన చివరి రన్ ఫలితం (Last Run Result) కాలమ్ చూడండి, 41303తో ముగిసే కోడ్ ఉందంటే ఆ టాస్క్ ఇంతవరకు ఒక్కసారి కూడా నడవలేదని అర్థం.