అట్ట మీది వయసు కాదు, లోపలి పేజీ చూడండి

అట్ట మీద వేసిన వయసు చూసి పిల్లల బొమ్మల కథల పుస్తకం కొనమని ఒక వ్యాసంలో రాశారు. ఆ అంకె పబ్లిషర్ అంచనా మాత్రమే. కొట్లోనే నిలబడి మధ్యలో రెండు పేజీలు పైకి చదవండి. నోరు తిరక్కపోతే, వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తే ఇంట్లో దాన్ని రెండోసారి తెరవరు. మూడేళ్ల పిల్లలకి పేజీకి ఒకటి రెండు వాక్యాలు, మొత్తం 16 నుంచి 24 పేజీలు చాలు. వాక్యంలో చెప్పిన పని అదే పేజీ బొమ్మలో కనిపించాలి. పేజీ తిప్పాక వస్తే పిల్లలకి కథ తెగిపోతుంది. ముదురు బొమ్మ మీదే అక్షరాలు అచ్చేసినవి వద్దు, ఒత్తులు కనపడవు. రెండేళ్లలోపు వాళ్లకి దళసరి అట్ట పేజీలే. మామూలు కాగితం నోట్లోకే పోతుంది.

హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనేవాళ్లు పిన్నులు కొట్టిన పుస్తకాన్ని సరిగ్గా నడిమికి తెరిచి చూడాలి. నడిమి కాగితం ఊడితే ఒకేసారి నాలుగు పేజీలు గల్లంతు, కథలో అసలు మలుపు తరచూ అక్కడే ఉంటుంది!

ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితం, స్థాయిలవారీగా ఉంటాయి. ముందు అక్కడ ఒకటో స్థాయివి చదివి వినిపించండి. పిల్లలు మళ్లీ మళ్లీ అడిగిన తరహావి తార్నాకలో ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వాళ్ల దగ్గర వెతకొచ్చు.