సవరణ: డార్సీ చెరువులో దూకలేదు

జేన్ ఆస్టెన్ 1813 నాటి నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నాయకుడు డార్సీ గురించి ఇంతకుముందు రాసిన వ్యాసంలో తప్పులు దొర్లాయి.

చెరువులో దూకి, తడిసిన చొక్కాతో డార్సీ నాయిక ఎలిజబెత్‌కు ఎదురుపడే ఘట్టాన్ని నవలకు అంటగట్టాం. అది 1995 బీబీసీ సీరియల్ కోసం కల్పించింది. పుస్తకంలో, 43వ అధ్యాయంలో, గుర్రపుశాలల వైపు దారి నుంచి అతను హఠాత్తుగా వస్తాడు. ఇద్దరి ముఖాలూ కందిపోతాయి, అంతే. నిజానికి అంతకుముందే డార్సీ భవనమైన పెంబర్లీలో ఇంటి పెత్తనం చూసే రెనాల్డ్స్ అమ్మ, నాలుగేళ్ల వయసు నుంచి తనెరిగిన యజమాని ఒక్కనాడూ కసురుకోలేదని చెప్పేసింది. ఎలిజబెత్ మనసు మెత్తబడటం అక్కడ మొదలైంది, నీళ్లలో కాదు.

పదివేల పౌండ్లు అతని ‘ఆస్తి’ అన్నాం. కాదు, అది ఏడాది రాబడి. చెల్లెలు జార్జియానా వాటాయే ముప్పైవేలు!

‘ఒక్క ఉత్తరంతో ఆమె ప్రేమలో పడింది’ అన్నది అన్నిటికన్నా పెద్ద పొరపాటు. 34వ అధ్యాయంలో పెళ్లాడమని అడిగి ఛీకొట్టించుకున్నాక మర్నాడు అతనిచ్చిన ఉత్తరం విక్హామ్ అనే మోసగాడి గుట్టు విప్పింది గానీ ప్రేమ పుట్టించలేదు. చదువుతుంటే ఆమెకు మొదట కోపమే. తర్వాత విక్హామ్‌తో లేచిపోయిన ఎలిజబెత్ చెల్లెలు లిడియా పెళ్లి కోసం డార్సీ విక్హామ్ అప్పులు, వెయ్యి పౌండ్ల పైచిలుకు, తీర్చి, లిడియా పేర మరో వెయ్యి రాసి, అతనికి సైన్యంలో కొలువు కొనిపెట్టాడు. అదీ ఎలిజబెత్‌కు తెలియనివ్వొద్దని. ఎలిజబెత్ మేనమామ భార్య గార్డినర్ ఉత్తరం రాస్తే గానీ బయటపడలేదు. రెండోసారి అడగడం 58వ అధ్యాయంలో. ఈ ఇరవై నాలుగు అధ్యాయాల దూరాన్నే మేం ఒక్క వాక్యంలో చుట్టేశాం.