చిప్పులకూ గోత్రాలున్నాయి

పాత హోమ్ కంప్యూటర్ల భక్తుల్లో, వాటి బుర్రగా పనిచేసే ప్రాసెసర్ చిప్పును బట్టి, రెండు శాఖలు. స్పెక్ట్రమ్‌ను కొలిచేవారిది జెడ్80 శాఖ; ఆపిల్ టూ, కమొడోర్ వారిది 6502 శాఖ. వీరి మధ్య వియ్యం కుదరదు. ఎవరి వంశం శుద్ధమో తేల్చడం జాతీయావసరం కనుక ఆ భారం నేను తలకెత్తుకున్నాను.

జెడ్80 మూలపురుషుడు అసలు చిప్పే కాదు. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో 1970లో వెలిసిన డేటాపాయింట్ 2200 అనే టెర్మినల్ (తెర, కీబోర్డు ఉన్న యంత్రం). తయారీదారులు దాని బుర్రను ఒక్క చిప్పులో ఇరికించమని చిప్పుల కంపెనీ ఇంటెల్‌ను అడిగారు. సరుకు ఆలస్యమైంది, పైగా మందకొడి. మాకొద్దన్నారు. అలా గుమ్మంలోంచే వెనక్కి పంపిన బిడ్డ 1972లో 8008గా బజారుకెక్కింది. దాని సంతానం 8080. ఆ పని నడిపించిన ఫెడెరికో ఫాగిన్ 1974లో ఇంటెల్ వదిలి జైలాగ్ పెట్టాడు, 1976లో జెడ్80 తెచ్చాడు. 8080 ప్రోగ్రాములు అందులో ఉన్నవున్నట్టు నడుస్తాయి. ఆదేశాల పేర్లు మాత్రం మారాయి, మూవ్ కాస్తా లోడ్ అయింది. ఇంటిపేరు మార్చుకుని ఆస్తి మొత్తం పట్టుకొచ్చారన్నమాట. ఇంత చేసినవారు, తమ చిప్పును ఎవరైనా కాపీ కొడతారేమోనని లోపల కాపీదారును తప్పుదోవ పట్టించే దొంగ ట్రాన్సిస్టర్లు పెట్టారు! అయినా తూర్పు జర్మనీ యూ880 అని పేరు పెట్టి దించేసింది.

ఇది విని 6502 వారు మీసం తిప్పనక్కర్లేదు. మోటరోలాలో 6800 అనే చిప్పు చేసిన బృందం నుంచి చక్ పెడుల్, బిల్ మెన్ష్ తదితరులు మాస్ టెక్నాలజీ అనే చిప్పుల కంపెనీకి దూకారు. 6800 సాకెట్‌లోనే కూర్చునేలా 6501 చేశారు. మోటరోలా కోర్టుకెక్కింది, 6501ను ఉపసంహరించి, 2 లక్షల డాలర్లు చెల్లించి బయటపడ్డారు. మిగిలిన తమ్ముడే 1975లో 25 డాలర్లకు అమ్మిన 6502. పోటీ చిప్పులు అప్పుడు వందల డాలర్లు పలికేవి, కనుక గోత్రం ఎవరూ అడగలేదు. పైగా రెండు బైట్ల సంఖ్యను దాచేటప్పుడు 6800 పెద్ద విలువ బైటును ముందు పెడితే 6502 చిన్నదాన్ని ముందు పెడుతుంది. అది ఇంటెల్ వారింటి ఆచారం. శాఖ పెద్దలు ఈ సంగతి సభల్లో ఎత్తరు.

వారు ఎత్తేది నేటి ఫోన్లలో ఉండే ఆర్మ్ చిప్పు పేరు. బ్రిటన్‌లోని ఏకార్న్ అనే కంప్యూటర్ కంపెనీ ఇంజినీర్లు, మెన్ష్ తర్వాత పెట్టుకున్న కంపెనీ చూడ్డానికి అమెరికా వెళ్లారు. ఇంత చిన్న బృందం చిప్పు చేయగలిగితే మనమెందుకు చేయలేమనుకుని తిరిగొచ్చారు. 1985లో ఆర్మ్ పుట్టింది. దాని ఆదేశాలు 6502వి కావు, నిర్మాణం వేరు. అయినా 6502 వారి వంశవృక్షంలో ఆర్మ్ సాక్షాత్తూ మనవడు. ఇల్లు చూసి పోయిన చుట్టాల బిడ్డ మనకు మనవడెలా అవుతాడని అడిగినవాణ్ణి శాఖ నుంచి వెలివేస్తారట.