అటాచ్ వేరు, యాడ్ వేరు, ఎంటర్ కొట్టేముందు ఒక్కసారి చూస్కోండి

నిన్న రాత్రి ఫ్రెండ్ ఒకడు ఫోన్ చేశాడు, "ఒరేయ్, జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్‌కి మిర్రర్ పెట్టేశా, ఇంక ఒక డిస్క్ పోయినా భయం లేదు" అని. జెడ్‌ఎఫ్‌ఎస్ అంటే డిస్కుల్ని కలిపి ఒక పూల్‌గా వాడుకునే ఫైల్ సిస్టమ్, మిర్రర్ అంటే ఒకే డేటాని రెండు డిస్కుల్లోనూ ఉంచడం. స్టేటస్ పంపమన్నా. చూస్తే అందులో మిర్రర్ అన్న మాటే లేదు, రెండు డిస్కులూ పూల్ కింద విడివిడిగా ఉన్నాయి, అంటే జెడ్‌పూల్ అటాచ్ కొట్టాల్సిన చోట జెడ్‌పూల్ యాడ్ కొట్టాడు. అటాచ్ అయితే కొత్త డిస్క్‌ని పాతదానికి కాపీగా పెడుతుంది, యాడ్ మాత్రం పూల్‌లో చోటు పెంచి డేటాని రెండిట్లోకీ పంచుతుంది అంతే. గుండె జారిపోయింది నాకు. భద్రత పెరగలేదు సరికదా ప్రమాదం పెరిగింది, ఇప్పుడు ఆ రెండిట్లో ఏ ఒక్కటి పోయినా పూల్ మొత్తం పోయినట్టే.

దీంట్లో వాడి తప్పు కొంచెమే అంటాను నేను. మిర్రర్ ఉన్న పూల్‌కి ఒంటరి డిస్క్ యాడ్ చేయబోతే జెడ్‌ఎఫ్‌ఎస్ అడ్డుపడుతుంది, బలవంతం చేస్తే గానీ ఒప్పుకోదు. కానీ ఒకే డిస్క్ ఉన్న పూల్‌కి ఇంకో డిస్క్ యాడ్ చేస్తే రెండూ ఒకే రకం కాబట్టి ఒక్క మాట కూడా అడక్కుండా చేసేస్తుంది. మిర్రర్ పెట్టుకుందామని వచ్చే కొత్తవాళ్ళు ఉండేది సరిగ్గా ఆ పరిస్థితిలోనే కదా, వార్నింగ్ కావాల్సింది అక్కడే కదా!

గుర్తు పెట్టుకోడానికి తేలిక దారి ఒకటుంది. అటాచ్‌కి మూడు పేర్లు కావాలి: పూల్ పేరు, ఇప్పటికే ఉన్న డిస్క్ పేరు, కొత్త డిస్క్ పేరు. పాత డిస్క్ పేరు రాయకుండా కమాండ్ అయిపోయిందంటే మీరు రాసింది అటాచ్ కాదు, ఆగండి. అటాచ్‌లో తప్పు డిస్క్ ఇచ్చినా డిటాచ్ చేసి వెనక్కి రావచ్చు, ఆ కొత్త డిస్క్‌లో అంతకుముందున్న డేటా మాత్రం పోయినట్టే, అందుకే లైనక్స్‌లో ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు నమ్మొద్దు, రీబూట్ అయితే అవి మారొచ్చు, సీరియల్ నంబర్ కనబడే బై-ఐడీ పేరే వాడండి. కొత్త డిస్క్ సైజు పాతదానితో సమానంగానో పెద్దగానో ఉండాలి.

ఇంకో మాట, ఇది ఎవరూ గట్టిగా చెప్పట్లేదని నా బాధ. అటాచ్ కొట్టగానే రీసిల్వర్ (కొత్త డిస్క్‌లోకి డేటా కాపీ చేయడం) మొదలై పాత డిస్క్‌లో ఉన్న డేటా అంతా చదువుతుంది, ఏళ్ళ తరబడి తిరిగిన డిస్క్‌కి అది పెద్ద పరీక్ష. అందుకే అటాచ్ కంటే ముందే బ్యాకప్ తీసుకోండి, తర్వాత స్క్రబ్ (పూల్‌లో డేటా అంతా చదివి సరిగ్గా ఉందో లేదో చూసే కమాండ్) నడపండి. ఒకే డిస్క్ ఉన్నప్పుడు చెక్‌సమ్ (డేటా మారితే పట్టించే లెక్క) వల్ల ఫైల్ పాడైందని తెలుస్తుంది గానీ బాగుచేయడానికి రెండో కాపీ ఉండదు, కాబట్టి పాడైన ఫైళ్ళేంటో ముందే తెలిస్తే బ్యాకప్ నుంచి తెచ్చుకోవచ్చు. ఆ పూల్ నుంచే సిస్టమ్ బూట్ అయ్యేట్టయితే బూట్‌లోడర్ (సిస్టమ్‌ని మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్) కూడా కొత్త డిస్క్‌లో విడిగా పెట్టాలి, మిర్రర్ దాన్ని కాపీ చేయదు.

మావాడి అదృష్టం, పూల్‌లో రెయిడ్‌జెడ్ (చాలా డిస్కుల్ని ఒక గుంపుగా కట్టే పద్ధతి, అదుంటే యాడ్ చేసిన డిస్క్‌ని తీయడం కుదరదు) లేదు, పాత డిస్క్‌లో ఖాళీ బాగానే ఉంది. 2019లో లైనక్స్‌కి జెడ్‌ఎఫ్‌ఎస్ 0.8 వెర్షన్‌తో వచ్చిన జెడ్‌పూల్ రిమూవ్ ఇలాంటప్పుడు పనికొస్తుంది, యాడ్ చేసిన డిస్క్‌లోని డేటాని పాతదానికి జరిపి దాన్ని పూల్ నుంచి తీసేస్తుంది, అంతకుముందైతే పూల్ కొట్టేసి మళ్ళీ కట్టుకోవాల్సిందే. పొద్దున్నుంచి రిమూవ్ నడుస్తోంది. అదయ్యాక స్క్రబ్, ఆ తర్వాతే అటాచ్, ఎంటర్ కొట్టేముందు కమాండ్ నాకు పంపమన్నా.