ముందు మీ స్పీకర్ ఏదో చెప్పండి, ట్యూబ్ సంగతి తర్వాత

"ఒక గొంతు, ఒక వీణో గిటారో, అంతకు మించి వినను. ఏ ట్యూబ్ యాంప్ కొనమంటారు?" అని ఎవరైనా అడిగితే చాలు, "300బి సింగిల్ ఎండెడ్, కళ్ళు మూసుకుని కొనెయ్" అని పదిమంది చెప్పేస్తారు. (ట్యూబ్ యాంప్ అంటే వాక్యూమ్ ట్యూబులతో సిగ్నల్ పెంచే యాంప్లిఫైయర్. 300బి అలాంటి ఒక ట్యూబు పేరు. సింగిల్ ఎండెడ్ అంటే తరంగం మొత్తాన్నీ ఒకే వైపు ట్యూబు మోసే పద్ధతి.) అడిగినవాళ్ళ దగ్గర ఏ స్పీకర్లున్నాయో ఒక్కరూ అడగరు. సలహా సగం అక్కడే తప్పింది.

లెక్క వేసి చూడండి. నెమ్మదైన సంగీతానికి కూర్చున్నచోట సగటున 70 డెసిబెల్స్ చాలు. కానీ పెద్దగా కంప్రెస్ చేయని, అంటే హెచ్చుతగ్గులు నొక్కేయని రికార్డింగులో తీగ మీటిన క్షణం దానికి ఇంకో 20 పైకి లేస్తుంది. అంటే 90 అందాలి. రెండు స్పీకర్లూ, గది గోడలూ కలిసి కొంత తిరిగి ఇచ్చినా, రెండున్నర మీటర్ల దూరానికి నికరంగా ఓ 5 డెసిబెల్స్ పోయాయనుకుందాం. స్పీకర్ సెన్సిటివిటీ (ఒక్క వాటుకు మీటరు దూరంలో వచ్చే డెసిబెల్స్) 94 అయితే ఒకటింబావు వాటు సరిపోతుంది. 88 అయితే 5 వాట్లు కావాలి. 84 ఉన్న చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకరైతే 12, 13 వాట్లు. ఒక 300బి ట్యూబు మామూలుగా ఇచ్చేది సుమారు 8 వాట్లు, 2ఎ3 ఇచ్చేది మూడున్నర. ఇక మీరే చూసుకోండి. (స్పీకర్ 4 ఓమ్‌లదై, సెన్సిటివిటీ 2.83 వోల్టులకు ఇచ్చి ఉంటే అందులోంచి 3 తీసేయండి. అది ఒక వాటు లెక్క కాదు, రెండు వాట్ల లెక్క.)

వాట్లు చాలకపోయినా వినేవాళ్ళకు ఆ సంగతి తెలియదు, అసలు చిక్కు అదే. ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి తప్పులు దిద్దుకునే ఏర్పాటు) లేని సింగిల్ ఎండెడ్ యాంపు క్లిప్ అయినప్పుడు, అంటే శక్తి చాలక తరంగం తల తెగినప్పుడు, గరగరమనదు, మెత్తగా నలుగుతుంది. మీటులో పదును పోతుంది, గొంతు కాస్త లావెక్కుతుంది. దాన్నే "ట్యూబ్ మాధుర్యం" అని మెచ్చుకుంటుంటారు!

ఆ మాధుర్యంలో ఇంకో వాటా అవుట్‌పుట్ ఇంపీడెన్స్‌ది, అంటే స్పీకర్‌కు కరెంటు పంపేటప్పుడు యాంపు లోపలే ఎదురయ్యే అడ్డుది. ఫీడ్‌బ్యాక్ లేని ట్రయోడ్ (300బి, 2ఎ3 లాంటి ట్యూబు) యాంపులో అది రెండు మూడు ఓమ్‌లు ఉండటం మామూలే. 2.5 ఉందనుకోండి. మీ స్పీకర్ ఇంపీడెన్స్ ఒకచోట 4 ఓమ్‌లకు దిగి, క్రాసోవర్ (బాస్‌నీ ట్రెబుల్‌నీ స్పీకర్ లోపల వేరుచేసే చోటు) దగ్గర 30కి ఎక్కితే, ఆ రెండు చోట్ల మధ్య మూడున్నర డెసిబెల్స్ తేడా వస్తుంది. అంటే యాంపు మీకు తెలియకుండా ఈక్వలైజర్ తిప్పేసినట్టే. ఒక స్పీకర్‌తో గొంతు ముందుకొస్తుంది, ఇంకోదానితో ముక్కుతో పాడినట్టుంటుంది. అందుకే కొనేముందు స్పీకర్ ఇంపీడెన్స్ గ్రాఫ్ చూడాలి. 6 ఓమ్‌ల కిందికి దిగకుండా, పెద్ద గుట్టలు లేకుండా ఉంటే సింగిల్ ఎండెడ్ గురించి మాట్లాడొచ్చు. లేకపోతే కాస్త నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఉన్న యాంపే మేలు. ఫీడ్‌బ్యాక్ పాపమేమీ కాదు.

డబ్బు పెట్టాల్సింది ట్యూబుల మీద కాదు, ట్యూబునీ స్పీకర్‌నీ కలిపే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మీద. సింగిల్ ఎండెడ్‌లో డీసీ కరెంటు ప్రైమరీ (ట్యూబు వైపు తీగచుట్ట) లోంచే పోతుంది కాబట్టి ఇనుప కోర్‌లో ఖాళీ వదలాలి. దాంతో బాస్‌ను నిలబెట్టే ఇండక్టెన్స్ పడిపోతుంది, దాన్ని నిలబెట్టడానికి కోర్ పెద్దది కావాలి. పుష్-పుల్‌లో (రెండు ట్యూబులు ఎదురెదురుగా పనిచేసే పద్ధతి) రెండువైపుల డీసీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది కాబట్టి చిన్న కోర్‌తోనే గట్టి బాస్ వస్తుంది. "గిటారుకి బాస్ ఎందుకు?" అంటారేమో. దాని అడుగు తీగే 82 హెర్ట్జ్. అదే వోల్టేజీకి ఫ్రీక్వెన్సీ సగమైతే కోర్‌లో ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) రెట్టింపవుతుంది. అంటే 80 హెర్ట్జ్ దగ్గర 8 వాట్లకు శాచురేట్ అయ్యే (ఇంకే ఫ్లక్స్ పట్టని) ట్రాన్స్‌ఫార్మర్ 40 దగ్గర 2 వాట్లకే చేతులెత్తేస్తుంది. "20 నుంచి 20 వేల హెర్ట్జ్" అన్న అంకె ఒక్క వాటు దగ్గర కొలిచిందైతే దానికి విలువ లేదు. 40 హెర్ట్జ్ దగ్గర ఫుల్ పవర్ ఎంతో అడగండి. చెప్పలేకపోతే ఆ యాంపు వదిలేసి ముందుకు నడవండి.

నా ఓటు? 86 నుంచి 90 మధ్య స్పీకర్లకు ఈఎల్84 పుష్-పుల్, 10 నుంచి 15 వాట్లు, క్యాథోడ్ బయాస్ (ట్యూబు కరెంటు తనంతట తానే కుదురుకునే పద్ధతి). పెద్ద పేరు లేని ట్యూబు, పెద్ద వోల్టేజీ అక్కర్లేదు, బయాస్ సర్దే పని లేదు. 94 దాటి, ఇంపీడెన్స్ నిలకడగా ఉన్న స్పీకర్లుంటే 2ఎ3 నిజంగా అందంగా ఉంటుంది. కానీ ఫిలమెంట్‌కు (ట్యూబులో వేడెక్కే తీగకు) డీసీ ఇచ్చారో లేదో చూసుకోండి. ఏసీ మీద నడిచే ఫిలమెంట్ హమ్ 85 స్పీకర్‌లో దాగుతుంది, 98 దాంట్లో పాటకీ పాటకీ మధ్య గుయ్యిమంటూనే ఉంటుంది. 85 లోపు స్పీకర్లకు ఈఎల్34 పుష్-పుల్. ఫిక్స్‌డ్ బయాస్ (ఆ కరెంటును మనమే సర్దాల్సిన పద్ధతి) అయితే లెక్క సులువే: ట్యూబు ప్లేటు తట్టుకునే పరిమితి 25 వాట్లు, దాంట్లో 70 శాతం, 400 వోల్టుల దగ్గర 44 మిల్లీఆంపియర్లు, 10 ఓమ్‌ల క్యాథోడ్ రెసిస్టర్ మీద 0.44 వోల్టులు. లోపల ప్రాణం తీసే వోల్టేజీ ఉంటుంది, కట్టేశాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉండొచ్చు. బయట టెస్ట్ పాయింట్లు లేకపోతే తెలిసినవాళ్ళకే వదిలేయండి.

గెయిన్, అంటే యాంపు సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందన్న సంగతి ఎవరూ పట్టించుకోరు. డాక్ (డిజిటల్ పాటను అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పెట్టె) 2 వోల్టులు ఇస్తుంటే, యాంపు అర వోల్టుకే ఫుల్ పవర్‌కి చేరిపోతుంటే, వాల్యూమ్ నాబ్ ఎప్పుడూ మొదట్లోనే ఆగుతుంది. అక్కడ నాబ్ వెనకుండే మామూలు పొటెన్షియోమీటర్ ఎడమా కుడీ సమానంగా ఇవ్వదు. మధ్యలో ఉండాల్సిన గొంతు పక్కకి జరుగుతుంది. దానికి సిగ్నల్ పెంచే చిన్న ట్యూబు ఈసీసీ83 తీసి, గెయిన్ తక్కువున్న ఈసీసీ82 పెట్టేయమంటారు కొందరు. పిన్నులు కలిసినంత మాత్రాన సర్క్యూట్ కలవదు, కరెంట్లు వేరు. ముందు సిగ్నల్‌ను 10 డెసిబెల్స్ తగ్గించే అటెన్యుయేటర్ పెట్టండి.

రెక్టిఫైయర్ ట్యూబు (ఏసీని డీసీగా మార్చేది) మార్చే సరదా ఉన్నవాళ్ళకు ఒక్క మాట: 5ఎఆర్4 హీటర్ 1.9 ఆంపియర్లు లాగుతుంది, 5యు4 మూడు లాగుతుంది. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ 5 వోల్టుల వైండింగ్ ఎంత మోస్తుందో తెలియకుండా ఆ సాకెట్ జోలికి పోకండి.