ఐస్‌లాండ్: ఆరు శతాబ్దాల నాటి ఒప్పందంతో తిరిగి దక్కిన స్వాతంత్ర్యం

1851 ఆగస్టు 9న రేక్యావిక్‌లోని లాటిన్ పాఠశాల హాల్లో ఐస్‌లాండ్ జాతీయ సభ చివరిసారి కూర్చుంది. తమ దేశాన్ని డెన్మార్క్‌లో ఒక భాగంగా కలిపేసే బిల్లుకు సభ్యులు తలవంచరని తేలిపోవడంతో, రాజప్రతినిధి కౌంట్ ట్రాంపె సభను రద్దు చేస్తున్నట్టు ప్రకటించాడు. అప్పటికే ఊళ్లో డేనిష్ సైనికులు మోహరించి ఉన్నారు. యోన్ సిగుర్డ్‌సన్ అనే సభ్యుడు లేచి, రాజు పేరిట, ప్రజల పేరిట ఈ చర్యను నిరసిస్తున్నానన్నాడు. ఆ వెంటనే సభ్యుల్లో అత్యధికులు లేచి "మేమందరం నిరసిస్తున్నాం" అన్నారు. ఈ సన్నివేశంలో రెండు మాటలు నన్ను ఆపుతాయి. రాజప్రతినిధిని ఎదిరిస్తూ రాజు పేరే ఎందుకు ఎత్తాడన్నది ఒకటి, "అందరం" అన్నప్పుడు ఆ మాటలోకి నిజంగా ఎవరెవరు వస్తారన్నది రెండవది. ఐస్‌లాండ్ స్వాతంత్ర్య చరిత్ర సారమంతా ఈ రెండు ప్రశ్నల్లోనే ఉందని నా అభిప్రాయం.

మొదటి ప్రశ్నకు జవాబు 13వ శతాబ్దంలో దొరుకుతుంది గానీ, కథ మాత్రం అంతకు నాలుగు వందల ఏళ్ల ముందే మొదలవుతుంది. సంప్రదాయ గాథ ప్రకారం 874 ప్రాంతంలో నార్వే నుంచి వచ్చిన ఇంగోల్ఫూర్ ఆర్నర్సన్, తీరం కనబడగానే ఇంటి యజమాని పీఠానికి ఉండే చెక్క స్తంభాలను సముద్రంలోకి విసిరి, అవి ఎక్కడికి కొట్టుకొస్తే అక్కడే కాపురం పెడతానని మొక్కుకున్నాడు. వాటిని వెతికే పని మాత్రం అతని బానిసలది. మూడేళ్ల గాలింపు తర్వాత అవి రేక్యావిక్ తీరంలో దొరికినప్పుడు, వారిలో కార్లి అనే బానిస ఎన్నో మంచి నేలలు దాటుకుని వచ్చి ఈ మారుమూల అగ్రాన కాపురముండటమా అని వాపోయి, ఒక దాసితో కలిసి పారిపోయాడని వలసల గ్రంథం చెబుతుంది. ఆ గ్రంథం వేలాది మంది పేర్లను నమోదు చేసింది. అంత పెద్ద జాబితాలో ఒక బానిస నోటి మాట మిగలడం చిన్న విషయం కాదు. నేటి జన్యు పరిశోధనలు కూడా అటువైపే వేలు చూపుతున్నాయి: ఐస్‌లాండ్ వారి పితృ మూలాల్లో ఎక్కువ భాగం స్కాండినేవియావి కాగా, మాతృ మూలాల్లో సగానికి పైగా బ్రిటిష్ దీవులవి. ఐర్లాండ్, స్కాట్లండ్ తీరాల నుంచి స్త్రీలు వచ్చారు. వారిలో కొందరు భార్యలుగా వస్తే, కొందరు బందీలుగా వచ్చారు.

930లో థింగ్వెల్లిర్ లోయలో దేశమంతటి చట్టసభ అయిన ఆల్థింగ్ ఏర్పడింది. ఏటా వేసవిలో దేశం నలుమూలల నుంచి గుర్రాల మీద జనం వచ్చి, రాతి గోడల మీద గుడ్డలు కప్పుకుని, సుమారు రెండు వారాలు అక్కడే ఉండేవారు. చట్టం రాతలో లేదు. చట్టవక్త ఒకడు శిల మీద నిలబడి, ఏడాదికి మూడో వంతు చొప్పున మూడు వేసవుల్లో మొత్తం చట్టాన్ని కంఠతా వినిపించేవాడు. 1117-18 శీతకాలం దాకా దేశపు చట్టం ఒక మనిషి జ్ఞాపకశక్తి మీద, దాన్ని విని సరిదిద్దగల శ్రోతల జ్ఞాపకశక్తి మీద నిలిచింది. 1000 ప్రాంతంలో క్రైస్తవం వల్ల దేశం రెండుగా చీలబోయినప్పుడు, చట్టవక్త థోర్గైర్ ఒక పగలూ రాత్రీ దుప్పటి కప్పుకుని పడుకుని ఆలోచించాడు. తాను పాత దేవతలను కొలిచేవాడే అయినా, అందరూ బాప్తిస్మం తీసుకోవాలనే తీర్పు చెప్పాడు. గుర్రపు మాంసం తినడం, చాటుగా పాత దేవతలకు బలులివ్వడం వంటివాటికి కొంతకాలం వెసులుబాటు ఇచ్చాడు. చట్టాన్ని చీలిస్తే శాంతి చీలుతుందన్నది అతని వాదం.

ఇంత గొప్ప వ్యవస్థలోనూ ఒక లోటు ఉంది. తీర్పు చెప్పేవారున్నారు గానీ దాన్ని అమలు చేసే అధికార యంత్రాంగం లేదు. గెలిచినవాడే తన బలగంతో తీర్పు అమలు చేసుకోవాలి. బలగాలు కొన్ని కుటుంబాల చేతుల్లో పోగుపడే కొద్దీ, 13వ శతాబ్దంలో స్టర్లుంగ్ వంశం వారి కాలంలో, అది అంతర్యుద్ధంగా మారింది. నార్వే రాజుల చరిత్ర రాసిన స్నోరి స్టర్లూసన్‌ను 1241లో నార్వే రాజు ప్రోద్బలంతో సొంత ఇంటి నేలమాళిగలోనే చంపారు. చివరికి 1262-64లో నాయకులు నార్వే రాజుకు లోబడి పన్ను చెల్లించడానికి ఒప్పుకున్నారు. అందుకు బదులుగా రాజు శాంతిని కాపాడాలి, ఐస్‌లాండ్ చట్టాలను మన్నించాలి, దేశానికి ఏటా ఆరు ఓడలు రావాలి. రాజు మాట తప్పితే, ఉత్తములైనవారి నిర్ణయం మేరకు ఒప్పందం చెల్లకుండా పోతుంది. పాత ఒప్పందమని పిలిచే ఈ పత్రం మూలప్రతి మిగల్లేదు, తర్వాతి కాలపు నకళ్లే ఉన్నాయి. అయినా ఒక జాతి తన స్వేచ్ఛను వదులుకుంటున్న క్షణంలో కూడా షరతులు రాయించుకుందన్న జ్ఞాపకం మాత్రం చెరగలేదు.

నార్వేతో పాటు ఐస్‌లాండ్ కూడా 1380లో డెన్మార్క్ రాజుల చేతికి పోయింది. 1550లో చివరి కాథలిక్ బిషప్ యోన్ అరాసన్‌ను, ఆయన ఇద్దరు కొడుకులను స్కాల్హోల్ట్‌లో శిరచ్ఛేదం చేశారు. 1602 నుంచి 1787 వరకూ వ్యాపారం మొత్తం రాజు నియమించిన డేనిష్ వర్తకుల గుత్తాధిపత్యంలో నడిచింది. దాని బరువు ఎంతటిదో 1699 నాటి ఒక్క కేసు చాలు చెప్పడానికి. హోల్మ్‌ఫాస్టూర్ గుడ్ముండ్‌సన్ అనే కౌలురైతు కొద్దిపాటి చేపలను తనకు కేటాయించిన హాఫ్నార్‌ఫ్యోర్డూర్ రేవులో కాకుండా కెఫ్లావిక్‌లో అమ్మాడు. అందుకు అతనికి పడిన శిక్ష కొరడా దెబ్బలు. అదే శతాబ్దంలో డెన్మార్క్ కంపెనీ ఓడ మీద యోన్ ఓలావ్‌సన్ అనే ఐస్‌లాండ్ యువకుడు ఫిరంగి సైనికుడిగా మన తమిళనాడు తీరంలోని తరంగంబాడి డేనిష్ కోటకు వచ్చి, ఇంటికి తిరిగి వెళ్లాక ఆ అనుభవాలన్నీ తన భాషలో రాసుకున్నాడు. సామాన్యుడు తన బతుకును రాసుకోవడం ఆ దేశంలో వింత కాదు. చలికాలపు పొడవాటి రాత్రులలో, మట్టిగడ్డల ఇంట్లో, చేప నూనె దీపం చుట్టూ అందరూ ఉన్ని ఏకుతూ, అల్లుతూ ఉంటే ఒకరు పాత గాథలు చదివి వినిపించేవారు. దూడచర్మం మీద రాసిన ఆ గ్రంథాలను 18వ శతాబ్దపు తొలి ఏళ్లలో ఆర్ని మాగ్నూసన్ ఊరూరా తిరిగి సేకరించాడు. ఆయనకు దొరికినవాటిలో బట్టలు కత్తిరించడానికి నమూనాగా కోసుకున్న పుట కూడా ఉంది. ఆ సంపదను ఆయన కోపెన్‌హేగెన్ తీసుకెళ్లాడు. 1728 అగ్నిప్రమాదంలో కొంత కాలిపోయినా, ప్రధానమైన రాతప్రతులు దక్కాయి.

1703 జనాభా లెక్కల్లో ఐస్‌లాండ్ వారు 50,358 మంది. కొద్దేళ్లకే మశూచి వచ్చి నాలుగో వంతు మందిని పొట్టన పెట్టుకుంది. 1783 జూన్‌లో లాకి అగ్నిపర్వత పగుళ్లు తెరుచుకుని ఎనిమిది నెలల పాటు లావా, విషవాయువులు కక్కాయి. గడ్డి విషమై గొర్రెల్లో దాదాపు 80 శాతం చచ్చాయి. ఆ కరువులో మరోసారి జనాభాలో ఐదో వంతు పోయింది. 1800లో ఆల్థింగ్‌ను రద్దు చేసినప్పుడు దాన్ని అడ్డుకునే సత్తువ దేశంలో మిగల్లేదు.

యోన్ సిగుర్డ్‌సన్ కోపెన్‌హేగెన్‌లో ఆర్ని మాగ్నూసన్ సేకరించిన ఆ రాతప్రతుల మధ్యే పనిచేసిన పండితుడు. 1843లో రాజాజ్ఞతో మళ్లీ ప్రాణం పోసుకున్న ఆల్థింగ్‌కు సభ్యుడిగా ఎన్నికయ్యాడు. 1848లో డెన్మార్క్ రాజు నిరంకుశాధికారాన్ని వదులుకోగానే ఆయన ఒక వాదం ముందుకు తెచ్చాడు. 1262లో ఐస్‌లాండ్ ఒప్పందం చేసుకున్నది రాజుతో, డేనిష్ ప్రజలతో కాదు. కాబట్టి రాజు వదులుకున్న అధికారం డెన్మార్క్ పార్లమెంటుకు చెందదు, దాన్ని ఇచ్చిన ఐస్‌లాండ్ ప్రజలకే తిరిగి రావాలి. 1851లో ఆయన రాజు పేరు ఎత్తడానికి కారణం ఇదే. స్వేచ్ఛను తాకట్టు పెట్టిన కాగితమే దాన్ని విడిపించుకునే దస్తావేజు అయింది. చరిత్రకారులు ఈ వాదంలోని లొసుగులను చూపగలరు, కానీ రాజకీయంగా దానికి దీటైన జవాబు డెన్మార్క్ వద్ద లేకపోయింది.

ఇక రెండవ ప్రశ్న. కష్టాలన్నిటికీ డేనిష్ పాలనే కారణమన్న జాతీయవాద కథనం సగం నిజమేనని నేను నమ్ముతున్నాను. సొంత పొలం లేని ప్రతివారూ ఏటా ఏదో ఒక రైతు ఇంట పాలేరుగా చేరి తీరాలన్న చట్టాన్ని కోరి నిలబెట్టుకున్నది ఐస్‌లాండ్ భూస్వాములే. జనాభాలో దాదాపు నాలుగో వంతు మంది ఆ కట్టుబాటులో బతికారు. సముద్రపు ఒడ్డున చేపలు పట్టుకుంటూ స్వతంత్రంగా స్థిరపడే దారి వారికి మూసి ఉంచారు. 1863లో, 1894లో ఆ చట్టం సడలింది గానీ, అది ఒక్కసారిగా పోలేదు. "మేమందరం" అన్న ఆ సభను ఎన్నుకున్నవారిలో పాలేర్లు లేరు, స్త్రీలు లేరు. అది యోన్ గొప్పతనాన్ని తగ్గించదు గానీ, కార్లి లాంటివారిని పక్కనపెట్టి ఈ చరిత్ర చెప్పడం న్యాయం కాదు.

తర్వాతి అడుగులు త్వరగానే పడ్డాయి. 1874లో రాజ్యాంగం వచ్చింది, 1904లో హాన్నెస్ హాఫ్‌స్టీన్ నాయకత్వంలో స్వపరిపాలన మొదలైంది. 1915లో నలభై ఏళ్లు దాటిన స్త్రీలకూ పాలేర్లకూ ఓటు హక్కు దక్కింది, 1920లో ఆ వయోభేదం కూడా తొలగింది. 1918 డిసెంబర్ 1న, డెన్మార్క్‌తో కుదిరిన కొత్త ఒప్పందం మేరకు, ఐస్‌లాండ్ సార్వభౌమ రాజ్యమైంది. రాజు డెన్మార్క్‌తో ఉమ్మడి, విదేశీ వ్యవహారాలు ఐస్‌లాండ్ తరఫున డెన్మార్క్ చూసేది. 1940 తర్వాత రెండు దేశాల్లో ఏదైనా ఈ ఒప్పందాన్ని సవరించమని కోరవచ్చు, మూడేళ్లలో రాజీ కుదరకపోతే రద్దు చేసుకోవచ్చు, అందుకు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. అంతలో 1940 ఏప్రిల్ 9న జర్మనీ డెన్మార్క్‌ను ఆక్రమించింది, మే 10న బ్రిటన్ సేనలు రేక్యావిక్‌లో దిగాయి. చెరలో ఉన్న దేశంతో బంధం తెంచుకోవడం తగదని, అది విముక్తమయ్యేదాకా ఆగాలని ఐస్‌లాండ్‌లోనే కొందరు గట్టిగా వాదించారు. వారి మాటలో ధర్మం ఉంది. అయినా మెజారిటీ కనీసం ఒప్పందంలోని గడువునైనా పాటించింది.

1944 మే 20-23 తేదీల్లో జరిగిన ఓటింగ్‌లో 98 శాతానికి పైగా ఓటర్లు పాల్గొన్నారు, 97 శాతానికి పైగా బంధం రద్దుకే మొగ్గుచూపారు. జూన్ 17న, యోన్ సిగుర్డ్‌సన్ పుట్టినరోజున, వేలాది మంది థింగ్వెల్లిర్ లోయలో వానలో తడుస్తూ గణతంత్ర ప్రకటన విన్నారు. రాజు క్రిస్టియన్ 10 పంపిన శుభాకాంక్షల తంతి చదివి వినిపించినప్పుడు జనం హర్షధ్వానాలు చేశారు. ఈసారి ఓటు వేసినవారిలో పాలేర్ల బిడ్డలూ స్త్రీలూ కూడా ఉన్నారు.